డబ్ల్యూడీపీ-1 హెచ్‌ఓ మోడల్ ఎవరైనా చేస్తారా? ఆగకు తమ్ముడూ, ముందు కింద చక్రాల సంగతి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండు సార్లు చదివా. గుంటూరులో మేడ మీద గది ఖాళీ అయ్యింది, ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ బల్ల వేయించావు, దాని మీద చిన్నప్పుడు మాచర్ల ప్యాసింజర్ ముందు చూసిన డబ్ల్యూడీపీ-1 డీజిల్ ఇంజన్ మోడల్ హెచ్‌ఓ సైజులో (అసలు దాంట్లో 87వ వంతు) తిరగాలి, ఎక్కడా రెడీమేడ్‌గా దొరకట్లేదు, ఏ కంపెనీ అయినా చేసేదాకా ఆగాలా లేక డబ్ల్యూడీఎం-2 కొనేసి సరిపెట్టుకోవాలా, దానితో పాటు వైడీఎం-4, డబ్ల్యూడీఎం-1, గుత్తి హైడ్రాలిక్ ఇంజన్ కూడా కావాలని ఒక కోరికల లిస్టు. ఇంతేగా. (నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా వాడికి నీ వయసే ఉంటది.)

నాది బెజవాడ సత్యనారాయణపురం, ఈ పిచ్చి పట్టి ఇరవై రెండేళ్ళు. ఇందులో తగలేసిన డబ్బు మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా తెలీదు. కాబట్టి అనుభవం మీద సూటిగా చెప్తా, పెద్ద కంపెనీ ఎవడూ నీ డబ్ల్యూడీపీ-1 చెయ్యడు, నీ జీవితంలో చెయ్యడు, ఆగొద్దు. కానీ నీ లిస్టులో ఉన్న అన్నిట్లోకీ నువ్వు సొంతంగా చేసుకోగలిగింది కూడా అదే. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగు అవుద్ది, టీ పెట్టుకుని కూర్చో.

ముందు ఎందుకు చెయ్యరో చూద్దాం. ప్లాస్టిక్ బాడీ పోతపొయ్యాలంటే స్టీల్ మౌల్డ్ కావాలి, దానికే లక్షలు పోతాయి, అది రాబట్టాలంటే ఒకే మౌల్డ్ మీద రంగు మార్చి నంబరు మార్చి ఇరవై రకాలుగా అమ్ముకోవాలి. డబ్ల్యూడీఎం-2 అయితే 2,600 పైనే తిరిగాయి, దేశంలో ఉన్న ప్రతి డీజిల్ షెడ్డూ దానికి తనకి నచ్చిన రంగు కొట్టుకుంది, కాజీపేట వాడికి ఒకటి గుత్తి వాడికి ఒకటి ఎర్నాకుళం వాడికి ఒకటి అమ్మొచ్చు. మరి డబ్ల్యూడీపీ-1 ఎన్ని? 69. వారణాసిలో 1995 నుంచి ఆ పదేళ్ళ చివరి దాకా చేశారు, ఆపేశారు. 2300 హార్స్‌పవర్, 12 సిలిండర్ల ఆల్కో (అమెరికా కంపెనీ) ఇంజన్, నాలుగే ఇరుసులు, ఇరుసుకి 20 టన్నుల చొప్పున 80 టన్నుల బరువు. తక్కువ పెట్టెలతో స్పీడుగా వెళ్ళే చిన్న ఇంటర్‌సిటీ బళ్ళకని మొదలెట్టారు గానీ మెయింటెనెన్స్ గొడవలతో దానికి అనుకున్న పేరు రాలేదు, చివరికి మన గుంటూరు, మచిలీపట్నం, నర్సాపురం వైపు ప్యాసింజర్ల ముందే దాని బతుకు తెల్లారింది. మన బెజవాడ షెడ్డు వాళ్ళకీ, ఆ బళ్ళలో కాలేజీకి వెళ్ళొచ్చిన మనలాంటి వాళ్ళకీ తప్ప దాని మొహం ఎవరికి గుర్తుంటది చెప్పు. ఢిల్లీలో కూర్చుని మోడళ్ళు పోగేసేవాడికి రాజధాని ముందు ఇంజన్ కావాలి, ఫ్లాట్‌ఫారం మీద బజ్జీలు తినేదాకా ఆగే ప్యాసింజర్ ఇంజన్ ఎందుకు.

ఇంకోటి, బయట దేశం నుంచి తెప్పించుకునే దారి కూడా ఇరుకైపోయింది. స్కేల్ మోడళ్ళని కస్టమ్స్ వాళ్ళు బొమ్మల కిందే లెక్కేస్తారు, ఆ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70 చేశారు. పైగా 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి, ఇది పెద్దోళ్ళ మోడలయ్యా అని మనం ఎంత మొత్తుకున్నా పార్సిల్ విప్పిన ఆయన కళ్ళకి కనపడేది రైలు బొమ్మే కదా. నా పార్సిల్ ఒకటి ఇలాగే ఆగిపోయి కాయితాలు తిప్పీ తిప్పీ చివరికి వెనక్కి వెళ్ళిపోయింది. అందుకని నాకు బయట నుంచి ఏది కావాలన్నా అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో ఒక మూల పెట్టించుకుంటా, గోంగూర పచ్చడి ఎదురు పంపిస్తా.

మన దేశంలో చిన్నగా చేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, మంచోళ్ళూ ఉన్నారు, కానీ ఒక్కమాట, బుకింగ్ అడ్వాన్సు అనే మాట వినపడితే కాస్త ఆగు. నేను ఒకాయనకి ఎనిమిది వేలు కట్టా, ఆర్నెల్లలో ఇస్తానన్నాడు, మూడేళ్ళు నా ఫోన్ ఎత్తాడు, ఆ తర్వాత అదీ మానేశాడు. పేరెందుకులే. పని పూర్తయిన నమూనా వీడియోలో కాదు, చేతిలో పట్టుకుని చూశాకే డబ్బు తియ్యి.

ఇప్పుడు అసలు విషయం. కోరికల లిస్టు రాసేటప్పుడు అందరూ బాడీ చూసి రాస్తారు, ముక్కు ఎలా ఉంది, రంగు ఎలా ఉంది, కిటికీలు పెద్దవా చిన్నవా అని. ఈ రోజుల్లో బాడీ అనేది సమస్యే కాదు, రెజిన్ త్రీడీ ప్రింటర్ ఉన్న కుర్రాడు బెజవాడలోనే దొరుకుతాడు, డ్రాయింగ్ ఇస్తే రెండు రోజుల్లో నీ చేతిలో పెడతాడు. ప్రింట్ చెయ్యలేనిది ఒకటుంది, అదేంటంటే కింద తిరిగే సరుకు. గేర్లు, చక్రాలు, ఇరుసులు, మోటారు నుంచి శక్తి తీసుకెళ్ళే షాఫ్టు, పట్టాల నుంచి కరెంటు లాగే రేకులు. మన జనం బోగీ అంటే పెట్టె అనుకుంటారు గానీ రైల్వే వాళ్ళ భాషలో బోగీ అంటే కింద చక్రాల ఫ్రేము, నీకు తికమక అవ్వకుండా నేను దాన్ని ట్రక్కు అంటా. సంగతేంటంటే, ఏ ఇంజన్ ట్రక్కులు ఇప్పటికే మార్కెట్లో ఏదో ఒక మోడల్ కింద ఉన్నాయో ఆ ఇంజనే మనకి సాధ్యం, లేనిది కల. ఈ లెక్కతో నీ లిస్టు చూద్దాం.

డబ్ల్యూడీఎం-2 నుంచి మొదలెడదాం, ఎందుకంటే అందరూ అది సులువు అనుకుంటారు. అది ఆల్కో డీఎల్560, 1962లో అమెరికా నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో చేశాం, 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. దాని ట్రక్కులో మూడు ఇరుసులు ఉంటాయి కానీ మధ్య ఇరుసు సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక వైపుకి జరిగి ఉంటది, ఈసారి ఫొటో తీసి పెద్దది చేసి చూడు. ఒక్కో ఇరుసుకి ఒక్కో మోటారు వేలాడాలి, మూడు మోటార్లు ఇరుక్కోవాలి కదా, అందుకని ఆ వంకర. ఆల్కో వాళ్ళ ట్రైమౌంట్ ట్రక్కు అంటారు దాన్ని. సమానంగా ఇరుసులున్న ఏదో చాసిస్ మీద డబ్ల్యూడీఎం-2 బాడీ కప్పి అమ్మితే తెలిసినోడి కంటికి అది వెంటనే గుచ్చుకుంటది. నేను నాది బ్రాడ్‌వే లిమిటెడ్ వాళ్ళ ఆర్‌ఎస్‌డీ-15 మోడల్ విప్పి చేశా, అదీ ఆల్కోనే, అదే రకం ట్రైమౌంట్. కానీ ఒక ముల్లు మిగిలింది, అమెరికా ఆల్కో చక్రం 1016 మిల్లీమీటర్లు, మనది కొత్తగా ఉన్నప్పుడు 1092. హెచ్‌ఓ అంటే 1:87 కదా, అక్కడ 11.7 వస్తది ఇక్కడ 12.6 రావాలి. మిల్లీమీటరు లోపు తేడానే, అయినా బండి కొంచెం కుంగినట్టు కనిపిస్తది. మూడేళ్ళ నుంచి ప్రతి ఆదివారం అది నాకు కనిపిస్తూనే ఉంది.

డబ్ల్యూడీఎం-1 అడిగావు. నువ్వు చూసి ఉండవు, నేనూ బతికున్నది చూడలేదు. 1957 నుంచి వచ్చిన వంద ఇంజన్లు, మన బ్రాడ్ గేజ్ మెయిన్ లైన్ మీద మొదటి డీజిళ్ళు, ముందు ముక్కు గుండ్రంగా పెద్దమనిషిలా ఉంటది, వెనకేమో కత్తితో కోసినట్టు చదును. ఒక్క వైపే క్యాబు. ఇది ఆల్కో డీఎల్500, ప్రపంచమంతా అమ్మారు, ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో దీని చుట్టమే 44 క్లాస్, అక్కడి ట్రెయిన్‌ఒరామా అనే కంపెనీ ఆ 44 క్లాస్‌ని హెచ్‌ఓలో చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ట్రక్కులు అవే, ముక్కు దగ్గర దగ్గర అదే, వెనక రెండో క్యాబు కోసి చదును చెయ్యాలి. డబ్బు పెట్టే ఓపిక ఉంటే ఇది సాధ్యం. నేనైతే అంత ఖరీదైన బండిని రంపంతో కొయ్యడానికి చెయ్యి రాక ఊరుకున్నా.

డబ్ల్యూడీఎం-4 నీ లిస్టులో లేదు, ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. 72 ఇంజన్లు, ఈఎండీ అనే ఇంకో అమెరికా కంపెనీ వాళ్ళవి, ఆల్కో మీద పోటీకి వచ్చి ఓడిపోయిన పార్టీ. పని బాగాలేక కాదు, టెక్నాలజీ ఇవ్వడానికి ఆల్కో వాళ్ళు ఒప్పుకున్నారు, ఈఎండీ వాళ్ళు ఒప్పుకోలేదు, అందుకని వారణాసి ఫ్యాక్టరీ ఆల్కో చేతికి పోయింది. 1969లో హౌరా రాజధాని మొదటిసారి నడిచినప్పుడు ముందున్నది ఈ డబ్ల్యూడీఎం-4లే. అంత చరిత్ర ఉన్నదాన్ని కూడా ఎవరూ అడగరు చూడు. దీని అన్నయ్య అమెరికా ఎస్‌డీ24, దాన్ని అట్లాస్ వాళ్ళు హెచ్‌ఓలో ఎప్పుడో చేశారు, పాతవి చవగ్గా తిరుగుతుంటాయి.

గుత్తి హైడ్రాలిక్, అంటే డబ్ల్యూడీఎం-3, దాని గురించి మాత్రం నువ్వు అడిగినందుకు నీకు దండం పెట్టాలి. జర్మనీ హెన్షెల్ కంపెనీ నుంచి 1970 ప్రాంతంలో వచ్చాయి, పది కూడా లేవు, మన గుత్తి షెడ్డులోనే కాపురం. మోటార్లు లేవు, గేర్ల ద్వారా హైడ్రాలిక్‌గా నడుస్తాయి. మన రాష్ట్రంలో ఉన్న ఇంజను, మన వాళ్ళకే తెలీదు. దీని బాడీ గీయడానికి సరైన డ్రాయింగు సంపాదించడమే పెద్ద యజ్ఞం, ఫొటోలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది నిజంగా కలే, లిస్టులో అడుగున పెట్టుకో.

వైడీఎం-4 కి వచ్చేసరికి కథ వేరే, అది మీటర్ గేజ్ ఇంజన్, ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. 87 తో భాగిస్తే 19 పైచిలుకు. కానీ ప్రపంచంలో హెచ్‌ఓ పట్టా అంటే 16.5, అది వాళ్ళ 1435 గేజ్‌కి సరిపోయేది. అంటే మనం హెచ్‌ఓలో ఏ ఇండియన్ బ్రాడ్ గేజ్ ఇంజన్ పెట్టినా పట్టా దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు, ముందు నుంచి చూస్తే బస్సు కింద ఆటో చక్రాలు బిగించినట్టు ఉంటది, ఇది మనమందరం కళ్ళు మూసుకుని ఒప్పుకున్న అబద్ధం. మీటర్ గేజ్ అయితే? 1000 ని 87 తో భాగిస్తే పదకొండున్నర, దొరికే పట్టా 12. ఇంచుమించు కరెక్టు! అంటే హెచ్‌ఓలో మన పెద్ద లైన్ కంటే గుంటూరు–గుంతకల్లు పాత మీటర్ గేజ్ లైనే ఎక్కువ నిజంగా కనిపిస్తది. 1990ల్లో ఆ లైన్ బ్రాడ్ గేజ్ అయిపోయింది, నల్లపాడు దాటాక ఆ చిన్న పట్టా మీద పొలాల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ వెళ్ళే బండిని మా నాన్న ఇప్పటికీ తలుచుకుంటాడు. 12 మిల్లీమీటర్ల పట్టా ఇదివరకు ఖరీదు, 2022లో హార్న్‌బీ వాళ్ళు అదే పట్టా మీద నడిచే టీటీ:120 (1:120 సైజు మోడళ్ళు) మొదలెట్టాక మామూలు ధరకి వస్తంది. స్లీపర్లు మరీ దగ్గరగా ఉంటాయి, మధ్యలో ఒకటి వదిలి ఒకటి కోసేస్తే సరి.

ట్రక్కుల సంగతే గుండె పగిలేది. వైడీఎం-4 ఆల్కో డీఎల్535, ఆరు సిలిండర్లు, మూడేసి ఇరుసులు, 12 మిల్లీమీటర్ల గేజ్‌లో ఆ ట్రక్కు ఎవరి దగ్గరా లేదు. తమాషా చూడు, డీఎల్535 పేరుతో జర్మనీ ఎల్‌జీబీ వాళ్ళు పెద్ద సైజు జీ స్కేల్లో మోడల్ చేశారు, అలాస్కా దగ్గర వైట్ పాస్ అనే కొండ లైన్‌దాన్ని, లోపల ఇంజన్ మన వైడీఎం-4 కి తోబుట్టువే కానీ పైన బాడీ అసలు పోలికే లేదు. అక్కడ టూరిస్టులు ఫొటోలు తీసుకునే లైన్ కాబట్టి ఆ చిన్న కొండబండికి మోడల్ వచ్చింది, దేశం మొత్తం మీటర్ గేజ్‌ని నలభై ఏళ్ళు మోసిన మన దానికి రాలేదు. సరే, వదిలెయ్.

డబ్ల్యూడీఎస్-4 అడిగిన ఇంకో తమ్ముడు ఉన్నాడు కింద కామెంట్లలో, అతనికీ ఇక్కడే చెప్పేస్తా. చిత్తరంజన్‌లో చేసిన షంటింగ్ ఇంజన్, మూడు ఇరుసులు, చక్రాలకి బయట రాడ్లు. దీని ఇంజన్ జర్మనీ మాక్ వాళ్ళ డిజైన్, కాబట్టి చుట్టరికం కూడా జర్మనీలోనే వెతుకు. జర్మన్ వీ60 షంటర్‌ని రోకో, పీకో ఇద్దరూ హెచ్‌ఓలో చేశారు, అదీ హైడ్రాలిక్, అదీ మూడు ఇరుసులు రాడ్లు. ఆ చాసిస్ మీద బాడీ ప్రింట్ చేస్తే చాలా మటుకు పనైపోద్ది, రాడ్లని తిప్పే జాక్‌షాఫ్టు ఎక్కడుందో మాత్రం ఫొటోతో సరిచూసుకో.

ఇప్పుడు నీ డబ్ల్యూడీపీ-1. నాలుగు ఇరుసులు, అంటే ఒక ట్రక్కుకి రెండు, ఆ వంకర మధ్య ఇరుసు గొడవే లేదు. ప్రపంచంలో హెచ్‌ఓ డీజిళ్ళలో సగానికి సగం రెండు ఇరుసుల ట్రక్కులవే, పాత అమెరికన్ జీపీ (ఈఎండీ వాళ్ళ నాలుగు ఇరుసుల ఇంజన్) మోడళ్ళు కుప్పలు. ఇంకా మంచిది కావాలంటే ఆల్కో సీ-420 ఉంది, అట్లాస్ వాళ్ళది, అసలు ఇంజన్ కూడా మన డబ్ల్యూడీపీ-1 లాగే 12 సిలిండర్ల ఆల్కో 251 రకం, నాలుగు ఇరుసులు. మన దానికంటే పొడుగు కాబట్టి చాసిస్ యథాతథంగా పనికిరాదు, దాని ట్రక్కులు, మోటారు, షాఫ్టులు తీసి 3 మిల్లీమీటర్ల ఇత్తడి పట్టీ మీద సొంత ఫ్రేము కట్టుకోవాలి. ఈ పని వినడానికే భయం, గవర్నర్‌పేటలో తెలిసిన లేత్ షాపు ఉంటే ఒక పూట పని. ట్రక్కు పక్కన కనిపించే అచ్చు మాత్రం పీకేసి మనది ప్రింట్ చేయించి అంటించు, లోపల గేరు ఎవరిదైతే ఎవడికి తెలుసు. సౌండ్ డీకోడర్ (ఇంజన్ శబ్దం వినిపించే చిన్న సర్క్యూటు) పెడితే కూడా సీ-420 సౌండే ఎక్కించు, 16 సిలిండర్ల సౌండ్ పెడితే డబ్ల్యూడీఎం-2 లాగా వినపడుద్ది, ఆ కుంటుతున్నట్టు గుడగుడమనే ఐడిలింగ్ తేడా మనకి తెలుస్తది కదా, మనం పెరిగిందే దాని మధ్య.

ఇంకో కారణం ఉంది, ఇది నీ బల్లకి సంబంధించింది. ఐసీఎఫ్ (పాత రకం) పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, హెచ్‌ఓలో 256 మిల్లీమీటర్లు. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) అయితే 24 మీటర్లు, 276. ఇరవై నాలుగు పెట్టెల సూపర్‌ఫాస్ట్ తిప్పాలంటే ఒక్క రైలే ఆరున్నర మీటర్లు, మీ మేడ గదిలో గోడలు పడగొట్టాలి. ఎనిమిది బై నాలుగు బల్ల మీద వంపు ఎంత లాగినా 22 అంగుళాల రేడియస్ దాటదు, ఆ వంపులో ఐసీఎఫ్ పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి గానీ పడకుండా తిరుగుతాయి. నాలుగు పెట్టెల ప్యాసింజర్ అయితే మీటరు పైన కాస్త, ముందు పొట్టి డబ్ల్యూడీపీ-1, ఒక వైపు సత్తెనపల్లి లాంటి చిన్న స్టేషను, ఇంకో వైపు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, తీగలు లేవు స్తంభాలు లేవు. కరెంటు తీగ లాగని రోజుల్లో పెట్టుకుంటే నీకు ఓవర్‌హెడ్ వైర్ కట్టే శ్రమ కూడా లేదు. ఎవరూ పట్టించుకోని ఇంజన్ అని మనం బాధపడతాం గానీ మన ఇళ్ళల్లో పట్టేది అదే.

నేను చేసినప్పుడు ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో చెప్తా. ముందు కొలతలు. డ్రాయింగ్ దొరక్కపోతే ఫొటో నుంచి కొలత తీస్తారు, చక్రం 1092 అనుకుని దాంతో మిగతాది లెక్కేస్తారు, తప్పు, చక్రం అరుగుద్ది, అరిగిన చక్రంతో లెక్కేస్తే బాడీ మొత్తం పెద్దదైపోద్ది. ఇంజనూ దాని వెనక ఐసీఎఫ్ పెట్టే ఒకే ఫొటోలో పక్క నుంచి పడ్డది వెతుకు, పెట్టె పొడుగు మారదు కాబట్టి అదే నీ స్కేలు. నేను మొదట కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్కతో ఒక దిమ్మ చెక్కించుకున్నా, కొండపల్లి ఆయన నవ్వాడు ఇదేం ఏనుగయ్యా అని, కానీ ఆ దిమ్మ పట్టాల మీద పెట్టి పెట్టె పక్కన చూస్తే ముక్కు ఎత్తు తప్పని అప్పుడే తెలిసిపోయింది, కంప్యూటర్లో నెల రోజులు చూసినా తెలీలేదు.

తర్వాత ప్రింటు. మొదటి బాడీ పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో వేయించా, చవక కదా అని. మే నెలలో గుంటూరు ఫ్రెండ్‌కి చూపిద్దామని కార్లో వెనక సీట్లో పెట్టి అరండల్‌పేటలో భోజనానికి దిగా. గంటన్నర. వచ్చేసరికి బాడీ నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగింది. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుద్ది, మన ఎండలో మూసిన కార్లో అది పెద్ద లెక్క కాదు. రెజిన్ వాడు, గోడ మందం ఒక మిల్లీమీటరు కంటే తగ్గించకు, చేతి రైలింగులు మాత్రం ప్రింట్ చెయ్యొద్దు విరుగుతాయి, 0.4 ఇత్తడి తీగ వంచుకో, అసలు రైలింగు లావుకి అదే స్కేలు.

పట్టాలకీ ఎండ సంగతే. చలికాలంలో పట్టా ముక్కలు గట్టిగా ఒకదానికొకటి ఆనించి అంటించా, ఏప్రిల్లో రేకుల గదిలో మూడు మీటర్ల లైను పాములా మెలికపడింది. పాతిక డిగ్రీలు పెరిగితే మూడు మీటర్లకి మిల్లీమీటరు పైనే సాగుద్ది, జాయింట్ల దగ్గర పాత పోస్ట్‌కార్డు మందం సందు వదులు. మేడ మీద గది కాబట్టి నీకిది తప్పదు.

బరువు సంగతి, రెజిన్ బాడీ తేలిక, నాలుగు పెట్టెలు కూడా లాగకుండా చక్రాలు అక్కడే తిరుగుతాయి. సీసం కావాలి. హాబీ షాపుల్లో గ్రాము లెక్కన అమ్ముతారు, నువ్వు కృష్ణ ఒడ్డున వలలు అమ్మే కొట్టుకి వెళ్ళి వలకి కట్టే సీసం గుళ్ళు కిలో లెక్కన తెచ్చుకో, సుత్తితో చదును చేసి రెండు ట్రక్కుల మీద సమానంగా పంచు, చేతులు కడుక్కో, పిల్లలకి అందనివ్వకు.

రంగులు, అక్షరాలు చివర్న చూసుకుందువు, వానాకాలంలో మాత్రం స్ప్రే కొట్టకు, తేమకి రంగు మీద తెల్లగా పొగ పట్టినట్టు వస్తది. షెడ్డు పేరు, నంబరు తెల్ల అక్షరాలు కావాలి, మామూలు ప్రింటర్ తెలుపు వెయ్యదు, వైట్ టోనర్ ఉన్న షాపు వెతుక్కోవాలి, అడిగి చూడు బెసెంట్ రోడ్డు సందుల్లో దొరుకుద్ది, ఒక ఏ4 షీటు మీద పది ఇంజన్ల నంబర్లు ఒకేసారి వేయించేసుకో. నంబరు ఎంచుకునే ముందు ఆ నంబరు ఇంజన్ ఫొటో ఒకటైనా నీ దగ్గర ఉండాలి, ఒకే క్లాసులో కూడా షెడ్డు షెడ్డుకీ, ఏడాది ఏడాదికీ రంగు మారిపోయేది, ఊహించి కొడితే ఎవడో ఒకడు వచ్చి ఆ ఏడాది దానికి ఆ గీత లేదు సార్ అంటాడు. నన్ను అన్నారు. వాడు చెప్పింది నిజమే, మళ్ళీ గీకి కొట్టా.

కొలతలకని షెడ్డులోకి పర్మిషన్ లేకుండా దూరొద్దు, స్టేషన్లో కూడా కెమెరాతో పట్టాల మీదికి దిగొద్దు. ఆ ఇంజన్లు మన లైన్ల మీద ఎలాగూ ఇప్పుడు కనిపించవు, తుక్కు కింద పోయినవే ఎక్కువ. పాత లోకో పైలట్లు, షెడ్డులో రిటైరైన ఫిట్టర్లు మన ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళని కలిస్తే ఫొటోల్లో లేనివి చెప్తారు, నాకు ఒక పెద్దాయన రేడియేటర్ వైపు నిచ్చెన మెట్లు ఎన్నో చేత్తో గాల్లో గీసి చూపించాడు, అదే కరెక్టయ్యింది.

నీ దగ్గర పాడైపోయిన జీపీ ఇంజన్ ఒకటి పడుందన్నావుగా. కొత్తది కొనకముందు దాని అడుగు తిప్పి, ఒక ట్రక్కులో రెండు ఇరుసుల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి ఇక్కడ రాయి, చక్రం డయామీటరు కూడా రాయి. నా డ్రాయింగ్‌లో ఉన్నదానితో మిల్లీమీటరు లోపు కలిస్తే నా బాడీ ఫైల్ నీకు పంపిస్తా, నువ్వు ప్రింటు ఖర్చు ఒక్కటి పెట్టుకుంటే చాలు.